పదిహేడు ఊఁలు

భర్త తనకు పనుల్లో సాయం చేస్తాడన్నదే హన్వికకు అతని మీద ఉన్న ప్రధానమైన ఫిర్యాదు. తాగుతాడనో తిరుగుతాడనో చెప్పుకుంటే వినేవాళ్లు కనీసం "అయ్యో" అంటారు. సాయం చేస్తాడని చెప్పుకుంటే "నీకేం తల్లీ, పెట్టి పుట్టావు" అంటారు. ముప్పై ఒక్కేళ్ల కాపురంలో జశ్వంత్ చేసిన సాయాలకు రెండు మిక్సీలు, ఒక వాష్‌బేసినూ, హన్విక వాళ్లమ్మ ఇచ్చిన ఇత్తడి కాఫీ ఫిల్టరూ బలైపోయాయి. వాటిలో ఏ ఒక్కటీ జశ్వంత్ వల్ల పోలేదు. ఆ సంగతి జశ్వంతే చెప్పాడు, పోయిన ప్రతిసారీ.

అందుకే ఆ ఉదయం తలస్నానం చేసి, జుట్టుకు తువ్వాలు చుట్టుకుని మేడ మీది వరండాలోకి వచ్చిన హన్విక, కింద వాకిట్లో కనిపించినదాన్ని చూడగానే పిట్టగోడ పట్టుకుని వంగింది. ఆమె మోటారుసైకిలు స్టాండు మీద నిటారుగా నిలబడి ఉంది. దాని పక్కన పీట వేసుకుని జశ్వంత్ కూర్చున్నాడు. అతని కుడిచేతికి మోచేతిదాకా బూడిదరంగు నేర్పుతొడుగు ఉంది. చెవిలో వాళ్లక్క ఉంది.

"ఊఁ," అంటున్నాడు జశ్వంత్. "ఊఁ... ఊఁ..."

"ఏమండీ!" అని కేకేసింది హన్విక.

వాళ్ల తరంలో భర్తను పేరు పెట్టి పిలవనివాళ్లు లేరు. హన్విక 'ఏమండీ' అన్నదంటే అది గౌరవం కాదు, హెచ్చరిక. అయినా జశ్వంత్ తలెత్తి నిండుగా నవ్వాడు.

"అయిపోయిందిలే! నువ్వు కంగారుపడకు. జుట్టు ఆరబెట్టుకునే రా."

నేర్పుతొడుగులు వచ్చి అప్పటికి ఇరవై ఆరేళ్లు. తొడుక్కుని పని పేరు చెబితే చాలు. ఎక్కడో ఆ పనిలో చెయ్యి తిరిగిన ఒక మనిషి వేళ్ల కదలికలు, మణికట్టు ఒడుపు, ఎక్కడ ఎంత బలం పెట్టాలో ఎక్కడ ఆపాలో, ఆ అంచనా అంతా నేర్పుఖజానాలోంచి దిగివచ్చి మన చేతిని ఆడిస్తుంది. కాకినాడలో ఏ ఇంటికి వెళ్లినా మినపట్టు అంచు ఒకేలా ఎర్రగా ఉంటుంది. ఏ వీధి చూసినా ముగ్గులన్నీ ఒకే ఆవిడ వేసినట్టుంటాయి. నిజానికి ఒకే ఆవిడ వేసినవే. ఆవిడ ఎవరో, ఇప్పుడు ఉందో లేదో ఎవరికీ తెలియదు.

తొడుగుతో చేసిన పనిలో తేడా వస్తే బాధ్యత తొడుగుదేనని మొదట్లోనే చట్టం చేశారు. దాంతో తయారుచేసినవాళ్లు ముందుజాగ్రత్తగా అందులో ఒక మన్నింపుపలుకు పెట్టారు. ఏది విరిగినా, మాడినా, ఒలికినా, లోపలినుంచి ఒక మెత్తని ఆడగొంతు "పొరపాటు మాదే. మన్నించండి" అంటుంది. ఎవరి చెయ్యి ఏం చేసిందని విచారించదు. విచారించి ఒప్పుకోవడం మర్యాద కాదనుకున్నారు కాబోలు. జనానికి అది మహా సుఖంగా ఉండింది. తొడుగు నుంచి ఆ పలుకు తేలుబళ్లకు పాకింది. ఆ బళ్లు నేలకు జానెడు ఎత్తున తేలుతూ పోతాయి కాబట్టి ఆ పేరు పెట్టారు, కుడతాయని కాదు. అక్కడినుంచి తలుపులకు, మంచాలకు, పూజగది దీపాలకు పాకింది. పెళ్లికి ఆలస్యంగా వెళితే బండి మన్నించమంటుంది. పులుసులో ఉప్పెక్కువైతే గరిట మన్నించమంటుంది. ఇరవై ఆరేళ్లుగా రామారావుపేటలో ఏ మనిషీ ఏ పొరపాటూ చెయ్యలేదు. 'తప్పు నాదే' అని బతికున్న మనిషి ఒకరు అనగా హన్విక ఆఖరుసారి ఎప్పుడు విన్నదో ఆమెకు గుర్తే లేదు.

హన్విక తొడుగు తొడగదు. మొదట్లో వేళ్ల సందుల్లో దురదపెట్టేది, అందుకు మానేసింది. తరవాత దురద పెట్టనివి వచ్చాయి. అప్పటికి అది పట్టుదల అయింది. ఇంకొన్నాళ్లకు గర్వమైంది. ఆ వీధి మొత్తానికి ఒట్టిచేతి పత్రం ఉన్నది తనొక్కతికే అని ఆమె ఎవరికీ చెప్పదు, చెప్పే అవసరం లేకుండా చూసుకుంటుంది.

ఆ పత్రం బండి కోసం. పెట్రోలు బళ్లన్నిటినీ ఎప్పుడో కరిగించేశారు. తన చేతులతో తనే బాగోగులు చూసుకోగల యజమాని ఉంటే మాత్రం పాతబండిని ఉంచుకోవచ్చు, చెరుకుపిప్పి పెట్రోలు పోసుకుని నడుపుకోవచ్చు. అయితే ఏడాదికోసారి తనిఖీ అధికారి ఇంటికొస్తారు. వాళ్ల కళ్లముందు యజమాని ఒట్టిచేతులతో ఇంజనాయిలు మార్చి చూపించాలి. నెగ్గితే ఇంకో ఏడాది. నెగ్గకపోతే వీధి చివర ఆగి ఉన్న లారీలో ఆ పూటే బండి కరిగింపు కేంద్రానికి పోతుంది.

హన్వికది మేనమామ ఇచ్చిన వంద సీసీ బండి. కాలితో కొడితే స్టార్టయ్యే రకం. రోజూ పొద్దున్నే ఆమె దాని మీద ఉప్పాడ దారిలో సముద్రపు గోడదాకా వెళ్లి వస్తుంది. రానూ పోనూ ఇరవై నాలుగు కిలోమీటర్లు. అంత దూరమూ ఆమెను ఏదీ నడిపించదు, ఏదీ మన్నించమని అడగదు, ఎవరూ సాయం చెయ్యరు. రోజు మొత్తంలో ఆమె తనదనుకునే ముప్పావుగంట అది.

తనిఖీ ఇవాళే, పదకొండింటికి.

ఆమె మెట్లు దిగి వచ్చేసరికి జశ్వంత్ గుడ్డతో పీట తుడుస్తున్నాడు.

"ఏం చేశారు తమరు?"

"ఆయిలు మార్చేశాను. పదకొండింటికి ఆవిడ వస్తుందంటివిగా. ఆ టైముకి నువ్వు పులిహోర కలుపుతుంటావు, మళ్లీ చేతులు నల్లగా చేసుకోవడం ఎందుకని."

"ఆవిడ వచ్చేదే నేను మారుస్తుంటే చూడ్డానికి!"

జశ్వంత్ కాసేపు ఆలోచించాడు. "అయితే మార్చేశామని చెప్పకు."

ఇంజను కింద పళ్లెంలోకి ఏదో పడిన చప్పుడైంది. ఆమె వంగి చూసింది. ఇంజను అడుగున ఆయిలు వదిలే బోల్టు అంచున తేనెరంగు చుక్క ఒకటి ఊరింది, లావైంది, జారిపడింది. కొత్త ఆయిలు. పాతబండ్ల సంఘం ఏడాదికి ఒకే ఒక్క సీసా ఇస్తుంది. ఆ సీసా ఇప్పుడు ఖాళీగా తులసికోట పక్కన నిలబడి ఉంది.

ఆమె పదిహేడో నంబరు స్పానరు తీసుకుని బోల్టుకు తగిలించి మెల్లిగా తిప్పింది. తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. పట్టుకునే ఉద్దేశం దానికి ఎక్కడా ఉన్నట్టు లేదు.

"త్రెడ్డు పోయింది," అంది హన్విక.

"పోలేదు. కాస్త వదులుగా ఉంది."

"ఎంత తిప్పినా బిగియకపోతే దాన్నే త్రెడ్డు పోవడం అంటారు."

"పొరపాటు మాదే," అంది జశ్వంత్ చేతినున్న తొడుగు, ఎంతో ఆప్యాయంగా. "మన్నించండి."

"విన్నావుగా," అన్నాడు జశ్వంత్.

హన్విక కళ్లు మూసుకుని అయిదు అంకెలు లెక్కపెట్టింది. తెరిచేసరికి అతను మళ్లీ "ఊఁ" అన్నాడు.

"ఎవరితో?"

"అక్క. ఇంకా లైన్లోనే ఉంది. వియ్యపురాలి మోకాలి ఆపరేషను సంగతి చెబుతోంది."

"పని చేస్తున్నంతసేపూ మీ అక్కతో మాట్లాడుతూనే ఉన్నారా?"

"నేనెక్కడ మాట్లాడాను? అక్కే మాట్లాడింది. నేను ఊఁ కొట్టానంతే."

హన్వికకు వెలిగింది. తొడుగు అడుగడుగునా అడుగుతుంది: ఇంకొంచెం బిగించనా? ఇంకొంచెం? మనిషి అవునన్నా, సరేనన్నా, ఊఁ అన్నా ముందుకు పోతుంది. ఆ తొడుగుకు తెలుగు నేర్పినవాళ్లు 'ఊఁ' అంటే అంగీకారమని రాసుకుని ఊరుకున్నారు. ఆడపడుచు ఫోను చేసిన ఇంట్లో ఊఁ అంటే అంగీకారం కాదు, ఫోను ఇంకా పెట్టెయ్యలేదని మాత్రమే అర్థమని వాళ్లకు ఎవరు చెబుతారు? పాపం వాళ్లకు వదినలు లేరేమో.

"మీ అక్క వియ్యపురాలి మోకాలు నా బోల్టుని విరిచేసింది," అంది హన్విక. "మీరన్న ప్రతి ఊఁకీ అది ఒక పట్టు బిగించింది. అల్యూమినియం ఇంజనండీ అది, రోకలి కాదు."

"నేనన్నది అక్కకి. అది వినడం దాని తప్పు."

"అవునండి. తమరు ఎప్పుడు తప్పు చేశారు గనక."

"పొరపాటు మాదే," అంది తొడుగు.

"నువ్వు నోరు ముయ్యవే!" అంది హన్విక.

టైము తొమ్మిదింపావు. కోపాన్ని పక్కన పెట్టి ఆమె ఆలోచించింది. డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన మనిషి, వంటింట్లో అంతకంటే ఎక్కువ కెమిస్ట్రీ చేసిన మనిషి. ముందు ఆయిలు కాపాడుకోవాలి. పులిహోర కలపడానికి తీసి పెట్టుకున్న స్టీలు బేసిను తెచ్చి ఇంజను కింద పెట్టి బోల్టు తీసేసింది. కొత్త ఆయిలంతా బేసిన్లోకి దిగింది. పాత నూలుచీర ముక్కతో వడగట్టి మళ్లీ సీసాలోకి పోసింది. ఇక ఇంజన్లో ఏమీ లేదు. తనిఖీ అధికారి ముందు మార్చడానికి ఏదో ఒకటి ఉండాలి కదా! జశ్వంత్ పొద్దున్న తీసిన నల్లటి పాత ఆయిలు ఇంకో పళ్లెంలో ఉంది. దాన్ని తిరిగి ఇంజన్లో పోయాలి. ఆయిలు మార్చడమనే పనిని వెనకనుంచి ముందుకు చేసిన మనిషి ప్రపంచంలో బహుశా తనే అయ్యుంటుందని ఆమెకు అనిపించింది. ఇంకో రోజైతే నవ్వు కూడా వచ్చేది.

పోసేముందు బోల్టు నిలవాలి. కుళాయిలకు చుట్టే తెల్ల టేపు తెచ్చి బోల్టు మరలకు ఆరు చుట్లు చుట్టింది. వేళ్లతోనే తిప్పి ఎక్కించి, స్పానరుతో చివర్లో చిన్న పట్టు ఇచ్చింది. నల్లాయిలు పోసింది. కింద వార్తాపత్రిక పరిచి పావుగంట కూర్చుంది. చుక్క పడలేదు.

"నిలిచింది!" అన్నాడు జశ్వంత్ సంబరంగా. "చూశావా, అనవసరంగా కేకలేశావు."

"ఇది నిలవడం కాదు, ఆవిడ వెళ్లేదాకా వేలాడటం."

"అధికారికి అబద్ధం చెబుతావన్నమాట."

"అబద్ధం కాదు, ఏర్పాటు," అంది హన్విక. "బోల్టు తియ్యగానే అరచేతిలో దాచేస్తాను. ఆయిలు కారిపోయాక ఆవిడ అటు తిరిగినప్పుడు మళ్లీ ఎక్కిస్తాను. మీరు ఆ తొడుగు తీసేసి ఆవిడ్ని మాటల్లో పెట్టండి. జీవితంలో ఒక్క సాయం పనికొచ్చేది చెయ్యండి."

తొడుగు తీయడానికి జశ్వంత్ వెంటనే ఒప్పుకున్నాడు. కానీ చెయ్యి చెమటపట్టి అది జారలేదు. లాగాడు, ఊదాడు, సబ్బు రాశాడు. తొడుగు మాత్రం మన్నించమంటూనే ఉంది.

పదకొండుకు అయిదు నిమిషాలుండగా అధికారి వచ్చింది. ముప్పై ఏళ్ల పిల్ల, పేరు వెంకాయమ్మ. ఆ తరం పిల్లలందరికీ ఇలాంటి పేర్లే పెట్టుకున్నారు. హన్విక, జశ్వంత్ లాంటి పాతకాలపు పేర్లు వింటే వాళ్లకు నవ్వొస్తుంది. వెంకాయమ్మ నవ్వలేదు. భుజాన వాఙ్మూలపెట్టె తగిలించుకుని ఉంది. ఎవరేం చెప్పినా విని, ఎవరి మాట ఏ గడిలోకి పోవాలో తేల్చి, అధికారపత్రం నింపే పెట్టె అది.

"మొదలెడదామాండి?" అంది వెంకాయమ్మ.

"కాస్త పులిహోర తిని..." అన్నాడు జశ్వంత్, తొడుగున్న చేతిని వీపు వెనక దాచుకుంటూ.

"పని చూశాక తింటానండి. ఆకల్లేక కాదు, రూలు."

హన్విక బండిని రెండు నిమిషాలు నడిపించి ఇంజను వేడెక్కించింది. కింద పళ్లెం పెట్టింది. స్పానరు తగిలించి, చివరి మరలు వేళ్లతో విప్పి, బోల్టును పిడికిట్లోకి లాక్కుంది. నల్లాయిలు ధారగా పళ్లెంలోకి పడింది. అంతా అనుకున్నట్టే జరిగింది. వెంకాయమ్మ ముచ్చటగా చూసింది.

"ఎంత బాగా చేశారండి! ఒట్టిచేతులతో ఇలా చేసేవాళ్లని ఈ మధ్య చూళ్లేదు. ఏదీ, బోల్టు ఇటివ్వండి. వాషరు చూడాలి."

"వాషరు బాగానే ఉందమ్మా."

"చూస్తానండి."

హన్విక పిడికిలి విప్పింది. అరచేతిలో ఆయిల్లో నానిన తెల్ల టేపు, దానికి చుట్టుకుని సన్నటి వెండితీగ లాంటి అల్యూమినియం చుట్ట. ఇంజను లోపలి మరలే ఊడి బోల్టుతో పాటు వచ్చేశాయి.

వెంకాయమ్మ దాన్ని పైకెత్తి వెలుగులో చూసింది. "ఇది ఎవరు చేశారండి?"

"మా ఆయన," అంది హన్విక.

"తొడుగు," అన్నాడు జశ్వంత్. చేతిని ముందుకు తెచ్చి చూపించాడు కూడా.

"పొరపాటు మాదే. మన్నించండి," అంది తొడుగు.

మొత్తం మూడు క్షణాలు పట్టింది. వెంకాయమ్మ పీట మీద కూలబడింది.

"రోజూ ఇదేనండి. ఆరేళ్ల నుంచి. ఏ ఇంటికెళ్లినా, ఏం పాడైనా ఆ గొంతే వినపడుద్ది. నష్టం తొడుగు వల్ల జరిగిందనుకోండి, ఇది ఒట్టిచేతి బండి కిందకి రాదు. పత్రం రద్దు. లారీ వీధి చివరే ఉంది."

హన్విక వీధి చివరకు చూసింది. "ఇంకే దారీ లేదా?"

"పదకొండో నిబంధన ఒకటుందండి. నష్టం మనిషి వల్ల జరిగితే, ఆ మనిషి నోరు తెరిచి ఒప్పుకుంటే, బాగు చేయించుకోడానికి నెల గడువిస్తాం. ఒప్పుకున్నది యజమానే అయితే బండికి ఏడాదిపాటు 'నే' అని ఎర్ర పలక తగిలించాలి. నేర్చుకుంటున్నారని అర్థం. నేను చేరాక దాన్ని ఎవరూ వాడలేదండి."

హన్విక భర్త వైపు తిరిగింది. ఇక గొంతులో వెటకారం లేదు, ఉన్నదంతా బతిమాలడమే.

"చెప్పండి. ఊఁ అన్నది నేను, తప్పు నాదే అని చెప్పండి. చిన్న మాట."

"దానికేం, చెబుతాను," అన్నాడు జశ్వంత్ మనస్ఫూర్తిగా. గొంతు సవరించుకుని పెట్టె ముందు నిలబడ్డాడు. "తప్పు జరిగింది."

"జరిగిందని కాదు. నాదే అనండి."

"తప్పు మనది."

"మనది కాదండీ!"

"తప్పు... నా వైపునుంచి కూడా... ఉంటే ఉండొచ్చు." అతను సబ్బు ఆరని తొడుగుతోనే నుదురు తుడుచుకున్నాడు. "నోరు తిరగట్లేదే. నేను కావాలని కాదు. అక్కడిదాకా వస్తోంది, ఆగిపోతోంది."

అతని ముఖం చూస్తే అబద్ధమాడుతున్నట్టు లేదు. ఇరవై ఆరేళ్లు వాడని తాళంలా ఏదో లోపల తుప్పుపట్టి ఉంది. ముప్పై ఒక్కేళ్లుగా అది పొగరనుకున్న హన్వికకు ఒక్క క్షణం జాలి కలిగింది. ఆ వెంటనే లారీ గుర్తొచ్చి జాలి పోయింది.

"ఆగండాగండి," అంది వెంకాయమ్మ. "ఊరికే ఒప్పుకున్నా చెల్లదండి. తొడుగు చిట్టాతో సరిపోవాలి. అది వినిపిస్తాను."

ఆమె వాఙ్మూలపెట్టెను తొడుగుకు ఆనించింది. పొద్దున్న ఎనిమిదీ నాలుగు నిమిషాలకు జరిగింది మళ్లీ ఆ వాకిట్లో వినిపించింది. ముందు ఆ మెత్తని ఆడగొంతు: "బోల్టు విప్పడానికి మామూలుకంటే మూడు రెట్లు బలం పడుతోంది. ఇది అడ్డంగా ఎక్కి ఉంది. మరలు ఇదివరకే కోసుకుపోయాయి. కొనసాగించమంటారా?"

"ఊఁ," అంది జశ్వంత్ గొంతు.

ఆ తరవాత కొంతసేపు ఆయిలు కారిన చప్పుడు, వియ్యపురాలి మోకాలు. మళ్లీ ఆడగొంతు: "తగినంత బిగిసింది. ఆపుతున్నాను."

"ఊఁ."

"ఇంకా బిగించడం క్షేమం కాదు."

"ఊఁ... ఊఁ."

"వీలుకాదండీ."

"ఊఁ అక్కా."

వెంకాయమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "మొత్తం పదిహేడు ఊఁలండి. మొదట్లో రెండు మూడు విన్నట్టుంది. బిగిశాక అన్నవి ఒక్కటీ వినలేదు. ఎంత బిగించాలో అంతే బిగించి ఆపేసింది. అయినా మరలు ఊడాయంటే అవి ముందే పోయాయన్నమాట. అయ్యగారు ఊఁ అనకపోయినా ఇవాళ అది పోయేదేనండి." ఆమె బోల్టును వేళ్ల మధ్య తిప్పింది. "కిందటేడు దీన్ని బిగించిందెవరు?"

ఎదురింటి గోడ మీదుగా రెండు తలలు లేచాయి.

"ఆ చిట్టా తప్పై ఉంటుంది," అన్నాడు జశ్వంత్ ఉన్నట్టుండి. "మా ఆవిడ చేతిపని అలా ఉండదు. మీకు తెలీదండీ, ఈ వీధిలో ఆవిడలా స్పానరు పట్టేవాళ్లు లేరు. రాసుకోండి, తొడుగుదే తప్పు."

"పొరపాటు మాదే," అంది తొడుగు.

హన్విక భర్త వైపు చూసింది. అతని మొహంలో వెక్కిరింపు కోసం వెతికింది. లేదు. పొద్దుటినుంచీ ఆమె తిట్టిన తిట్లన్నీ తిని, సబ్బు రాసిన చెయ్యి పట్టుకుని నిలబడి, అతను నిజంగానే ఆమె వైపున మాట్లాడుతున్నాడు. తొడుగూ ఆమె వైపే మాట్లాడుతోంది. ఊఁ అంటే చాలు, నింద ఎవరి మీదికో పోతుంది. బండి కూడా పోతుంది.

కిందటేడు ఆషాఢం. సగం పనిలో ఉండగా వాన మొదలైంది. అప్పటి అధికారి గొడుగు తెచ్చుకోలేదని ఎదురింటి అరుగు మీదికి పరిగెత్తాడు. బోల్టు రెండో మర దగ్గర మొరాయించింది. వేళ్లకు తెలిసింది. వెనక్కి తీసి మళ్లీ సూటిగా ఎక్కించమని వేళ్లు స్పష్టంగా చెప్పాయి. అలా చెప్పగల వేళ్లు ఆ వీధిలో ఆమెకొక్కదానికే ఉన్నాయి. వానలో ఆమె వాటి మాట వినలేదు. స్పానరు మీద కాలు పెట్టి తొక్కింది. ఏడాదంతా చుక్క కారకపోతే, ఒట్టిచేతి పనంటే అదీ అని మురిసిపోయింది.

"అదీ... కిందటేడు వాన పడిందమ్మా," అంది హన్విక.

"వాన వల్ల అని రాయమంటారా?"

"వాన వల్ల అని కాదు. ఆ అధికారి కూడా తొందరపెట్టాడు."

"ఆయన వల్ల అనాండి?"

"కాదు. ఆ స్పానరు కూడా కాస్త..." అని ఆగిపోయింది. తన నోట్లోంచి వస్తున్నది తనకే వినిపించింది. పొద్దుటినుంచీ ఇదే రాగం ఇంకో గొంతులో వింటూ విసుక్కుంది తను. ఆ మాట నిజంగానే గొంతుదాకా వచ్చి అక్కడ ఆగుతోంది. తొడుగు తొడగకపోయినా తనకూ పట్టింది ఆ తుప్పు. గాలిలోనే ఉందేమో.

ఆమె పెట్టె దగ్గరికి జరిగి గబగబా అనేసింది. "తప్పు నాది."

పెట్టెలో పచ్చదీపం వెలిగీ వెలగక ఆరింది. "స్పష్టంగా లేదు. 'పొరపాటు మాదే' అన్నారా?"

"లేదు. తప్పు నాది."

"తొడుగుదే పొరపాటని నమోదు చేస్తున్నాం. మన్నించండి."

"చెయ్యకు!" అని అరిచింది హన్విక. ఎదురింటి గోడ మీద తలలు రెండు కాస్తా నాలుగయ్యాయి.

వెంకాయమ్మ పెట్టెను చరిచింది, ఏదో నొక్కింది, తల పట్టుకుంది. "ఏమనుకోకండి. ఆ మాట దీనికి ఎవరూ నేర్పలేదండి. మనుషులెవరైనా అంటారని వాళ్లకి తట్టలేదనుకుంటాను. కాస్త పెద్దగా, ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో మొత్తం విడమర్చి చెప్పి చూడండి. పెట్టెకి చెబుతున్నట్టు కాకుండా, మనిషికి చెబుతున్నట్టు చెప్పండి. అప్పుడైనా పట్టుకుంటుందేమో."

హన్విక పెట్టెను వదిలేసింది. ఆయిలు చేతులు చీర చెంగుకు తుడుచుకుని, జశ్వంత్ ఎదురుగా వచ్చి నిలబడింది. అతను ఏదో సాయం చెయ్యడానికి నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపింది. వీధంతా వినేటట్టు, ఒక్కొక్క మాటే పైకి లాగుతూ చెప్పింది.

"కిందటేడు ఆ బోల్టు అడ్డంగా ఎక్కుతుంటే నాకు తెలిసింది, జశ్వంత్. తెలిసే కాలితో తొక్కి బిగించాను. పొద్దుటినుంచీ నిన్ను అనరాని మాటలన్నాను. అది నీది కాదు. తొడుగుది కాదు, మీ అక్కది కాదు, వానది కాదు. తప్పు నాది."